నాలుగు పేర్లు

మార్చి 3, ఆదివారం

అక్క "నాకు కా" అంది. అక్కడితో ఆగిపోయింది. ఆగింది అక్క కాదు, కొత్త ట్యాబ్.

కాఫీ అనుకున్నాను. కలిపి తెచ్చి, గొట్టం పెట్టి, గుక్క గుక్కగా తాగించాను. తాగింది కానీ ముఖం అదోలా పెట్టింది. వేడిగా ఉందేమోనని ఊదాను. ట్యాబ్ ఆపి మళ్ళీ పెట్టి, రాసింది పైకి పలికే "మాటతోడు" తెరుచుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అక్క ఎడమ బొటనవేలితో బటన్ నొక్కుతూ ఒక్కో అక్షరమే ఏరుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"నాకు కాలు పట్టేసింది."

కాలు పట్టేసి అల్లాడుతున్న మనిషికి ఇరవై నిమిషాలు కూర్చుని కాఫీ తాగించాను. నేను కాలు సాగదీసి రుద్దుతుంటే అక్క ఇంకో వాక్యం కూర్చింది. "కాఫీ బాగుంది. పంచదార తక్కువ." ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసింది. మార్కులు వేయకుండా ఉండలేదు.

మార్చి 4

పాత ట్యాబ్ కిందపడి పగలకపోతే ఈ గొడవే లేదు. కొత్త వాటిలో మాటతోడు ఇలాగే మధ్యలో ఆగిపోతోందట. ఫోరమ్ నిండా అవే ఫిర్యాదులు. దాన్ని చేసేది ఇద్దరే. కందిరీగ, తాబేలు. ఆ పేర్లు వాళ్ళు పెట్టుకున్నవే. అందరికీ ఉచితంగా ఇస్తారు, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చుకోవడం వస్తే కదా. నాకు కళ్ళజోడు లెన్సులు అరగదీయడం తప్ప ఇంకేం వచ్చు.

కొత్త అప్‌డేట్ "వచ్చే నెల" అని ఏడాదిన్నరగా చెబుతున్నారు. తాబేలు మాత్రం పేరుకి న్యాయం చేస్తున్నాడు.

మార్చి 5

ఫోరమ్‌లో రాశాను. నా పేరు "అద్దాలాయన" అని పెట్టుకున్నాను. మర్యాదగానే రాశాను. మా అక్కకి పక్షవాతం వచ్చి రెండున్నరేళ్ళయింది, మాట పూర్తిగా పోయింది, మీ ప్రోగ్రామే ఆవిడ నోరు, దయచేసి త్వరగా విడుదల చేయండి అని.

గంటలో కందిరీగ జవాబిచ్చాడు. ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ ఖాళీ వేళల్లో చేస్తున్నాం, గొంతు భాగంలో ఒక తప్పు ఉండిపోయింది, అది తాబేలు చూస్తున్నాడు, సరిచేయకుండా వదిలితే మీ అక్కగారికి మేలు కన్నా కీడే ఎక్కువ, క్షమించండి అన్నాడు. అక్క ఏ బటన్ వాడుతుందో కూడా అడిగాడు.

మంచివాడే.

మార్చి 10, ఆదివారం

ట్యాబ్ ఇవాళ రెండు గంటలపాటు ఆగకుండా నడిచింది. అక్క "మావాళ్ళ జవాబులు" పైకి వినిపించింది. ముప్పై ఏళ్ళలో పిల్లలు పరీక్షల్లో రాసిన వింత జవాబులన్నీ గుర్తున్నంతవరకు దాన్లో రాసుకుంటోంది. రోజుకి ఒకటో రెండో. ఇప్పటికి రెండు వందలు దాటాయి.

"సంధి అనగానేమి? కొట్టుకున్న తర్వాత చేసుకునేది."

"ప్రకృతి వికృతులకు ఉదాహరణ. ప్రకృతి మా అక్క, వికృతి నేను."

మా ఆవిడ నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. అక్క ముఖంలో నవ్వు ఒకవైపే వస్తుంది. ఆ ఒక్కవైపు చాలు.

మార్చి 21

అప్‌డేట్ రాలేదు.

ఏప్రిల్ 2

ఇవాళ అక్క ఫిజియోథెరపీ ఆవిడకి ఏదో చెప్పబోయింది. నాలుగుసార్లు ఆగిపోయింది. ఆవిడ మర్యాదకి నవ్వి "పర్లేదమ్మా, రేపు చెబుదురు" అని వెళ్ళిపోయింది. అక్క బటన్ మీంచి వేలు తీసేసింది. సాయంత్రం దాకా మళ్ళీ పెట్టలేదు. ఆ భాద పక్కనుండి చూసేవాళ్ళకే తెలుస్తుంది.

ఫోరమ్‌లో కొంచెం గట్టిగానే రాశాను. చేతకాకపోతే చేతకాదని చెప్పండి, మా భాద మీకు తెలియదు, మనుషుల నోళ్ళతో ఆడుకోకండి అన్నాను. పదకొండుమంది మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం "వాళ్ళు మనకి బాకీ లేరు, ఓపిక పట్టండి" అని నీతులు చెప్పాడు. ఆయనింట్లో ఎవరైనా మాట్లాడలేనివాళ్ళు ఉన్నారో లేదో.

కందిరీగ మళ్ళీ క్షమించండి అన్నాడు. క్షమాపణలు బాగా నేర్చుకున్నాడు.

ఏప్రిల్ 6

షాపులో మధ్యాహ్నం గంట సేపు ఎవరూ రారు. వెనక గదిలో, అరగదీసే మిషను పక్కన, తెల్ల బురద పట్టిన స్టూలు మీద కూర్చుని ఆలోచించాను. ఒక్కడు అడిగితే గొణుగుడు, నలుగురు అడిగితే కదలిక. ఎక్కడైనా అంతే.

ఇంకో పేరు తెరిచాను. "ఒక తండ్రి."

"మా పాపకి తొమ్మిదేళ్ళు. పుట్టినప్పటినుంచి మాట లేదు. మాటతోడు ఆగిపోయిన ప్రతిసారీ అది నా వైపు చూస్తుంది. దాని భాద చూడలేకపోతున్నాను."

రాశాక నాకే కళ్ళు చెమర్చాయి. మాకు పిల్లలు లేరు.

ఇది అబద్ధం కాదు. అలాంటి పాప ఎక్కడో ఉండే ఉంటుంది. వాళ్ళ నాన్నకి రాయడం రాకపోవచ్చు. ఆయన బదులు నేను రాశాను.

ఏప్రిల్ 9

స్పెషల్ స్కూలు హెడ్‌మాస్టరు కూడా వచ్చాడు. పదిహేడుమంది పిల్లలు. ఆయన "తమరు" అనకుండా మాట్లాడడు. "తమరికి ఏమాత్రం భాద్యత ఉన్నా ఈ నెలాఖరులోగా విడుదల చేయగలరు."

ఏప్రిల్ 12

నర్సు. "వార్డు నర్సు" అని పెట్టాను. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే కోసినట్టుంటుంది. ముగ్గురికీ మూడు గొంతులు కుదిరాయి. ఒకరి మాట ఒకరు బలపరుస్తారు. హెడ్‌మాస్టరు తండ్రిని ఓదార్చాడు.

"ఏమండీ, ఫోన్లో చూసి అంత నవ్వుకునేదేముంది?" అంది మా ఆవిడ. ఫోరమ్‌లో ఎవరో జోకు వేశారన్నాను.

ఏప్రిల్ 17

కందిరీగ "ఒక తండ్రి"కి విడిగా ఉత్తరం రాశాడు. పెద్దది. పాప ఏ చేత్తో నొక్కుతుంది, వేలు వణుకుతుందా, అక్షరాలు వచ్చా లేక బొమ్మలు చూసి ఎంచుకుంటుందా, ఏదంటే ఇష్టం అని. "నేనూ ఒక ఆడపిల్ల తండ్రినే. మీ ఉత్తరం చదివి ఆ రోజు ఆఫీసులో పని చేయలేకపోయాను" అని రాశాడు.

జవాబు ఇవ్వకపోతే అనుమానం వస్తుంది. ఎడమచేయి, వేలు వణికి ఒకేసారి రెండుసార్లు నొక్కేస్తుంది, అక్షరాలింకా రావు, రైళ్ళంటే ఇష్టం అని రాశాను. రైళ్ళు ఎందుకు తట్టాయో తెలియదు. షాపు ఎదురుగా గోడమీద రైలు ప్రకటన ఉంది. దానివల్ల కావచ్చు.

ఒక పెద్దావిడ తలుపు తోసుకుని వచ్చి "నా అద్దాలు ఎప్పుడిస్తారు బాబూ? వారం నుంచి తిరుగుతున్నా" అంది. రేపు అన్నాను. ఓనరు నేర్పిన మాటే.

మే 1

కందిరీగ ప్రకటన పెట్టాడు. విడుదల ఇంకో మూడు వారాలు ఆలస్యం. కారణం రాశాడు. "వేలు వణికే పిల్లలు రెండుసార్లు నొక్కినా ఒక్కసారిగానే తీసుకునే ఏర్పాటు, బొమ్మల పేజీ చేరుస్తున్నాం. ఒక తొమ్మిదేళ్ళ పాపకి ఇది వెంటనే కావాలి."

ఫోను బల్లమీద పడేశాను. ఓనరు ముందు గదిలోంచి "లెన్సు పగిలిందా?" అని కేకేశాడు.

లేని పాప వణకని వేలు కోసం మా అక్క మూడు వారాలు ఆగాలి.

మే 2

ఏం చేయను. తండ్రి చేత "వద్దులెండి, మా పాపకి అక్కర్లేదు" అనిపించలేను. నర్సు చేత అనిపించాను. "ఒక్క పిల్ల కోసం వేలమందిని ఆపుతారా?"

ఫోరమ్ అంతా నర్సు మీద పడింది. జాలి లేదా, నువ్వసలు నర్సువేనా అని. కందిరీగ ఒక్కటే రాశాడు. "ఆ పాప కూడా ఆ వేలమందిలో మనిషే."

నాతో నేనే తన్నుకుని రెండువైపులా ఓడిపోయాను. వేరేవాడెవడికైనా జరిగుంటే పడీ పడీ నవ్వేవాణ్ణి.

మే 3

తాబేలు ఎప్పుడూ రాయడు. ఇవాళ రాశాడు.

"ఆలస్యానికి కారణం కందిరీగ కాదు, పాప కాదు, నేను. మాటతోడులో మీరు వినే గొంతు మా అమ్మది. అమ్మకి మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. పోకముందే నాలుగు నెలలపాటు కూర్చోబెట్టి మాటలన్నీ చదివించి రికార్డు చేశాను. అమ్మ కోసం మొదలుపెట్టి, తర్వాత అందరికీ ఇచ్చాం. అమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడు ఆ తప్పు సరిచేయాలంటే ఆ రికార్డులు మొదటినుంచీ వినాలి. కొన్ని రోజులు వినగలుగుతున్నాను. కొన్ని రోజులు వినలేకపోతున్నాను. అంతే."

అంటే అక్క మాట్లాడేది ఆవిడ గొంతుతో.

మే 4

నర్సు పేరుతో ఒక మాట రాశాను. ఇక్కడ రాయను.

మే 5

అక్క ఇవాళ ఉదయం నాలుగు మాటలు ఆగకుండా చెప్పింది. వాతావరణం బాగుంది.

మే 9

తాబేలు వెళ్ళిపోయాడు. "నావల్ల కాదు. తాళాలన్నీ కందిరీగకి ఇచ్చేశాను. గొంతు వాడుకోండి, అది మీ అందరిదీ" అని రాసి తన పేరు తీసేసుకున్నాడు.

ఎవరైనా అలసిపోతారు. ఏడాదిన్నరగా ఒత్తిడి. ఎంతమంది ఎన్ని రాశారో. ఫలానావాళ్ళ వల్ల అని ఎవరూ చెప్పలేరు.

ఆ మూడు పేర్లలోంచీ బయటికి వచ్చేశాను. ఇక తెరవను.

మే 13

ఇవాళ రెండు లెన్సులు పాడుచేశాను. ఎడమది కుడివైపు అరగదీశాను. పదిహేనేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఓనరు చూశాడు. "ఇంట్లో అంతా బానే ఉందా?" అని మాత్రం అడిగాడు. మంచి చేసేవాళ్ళకీ, మంచిగా అడిగేవాళ్ళకీ జవాబు చెప్పడం చాలా కష్టంగా ఉంది ఈమధ్య.

మే 20, సోమవారం

వచ్చింది. అప్‌డేట్ వచ్చింది. కందిరీగ ఒక్కడే ముగించాడు. "ఇంక ఆపలేను. ఇంకా పరీక్షించాల్సింది ఉంది, కానీ మీరంతా చాలాకాలం ఆగారు" అని రాశాడు. కింద ఇంకా ఏవో జాగ్రత్తలు ఉన్నాయి. నేను షాపుకి వెళ్ళే తొందరలో ఉన్నాను. గబగబా ట్యాబ్‌లో ఎక్కించి, అక్క ఒళ్ళో పెట్టి, "ఇంక చూస్కో అక్కా, ఆగితే నన్నడుగు" అన్నాను.

అక్క బటన్ నొక్కింది. ఎంత హాయిగా నడిచిందో. "వెళ్ళిరా, టైమైంది." ఒక్క తడబాటు లేదు.

షాపుకి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

మే 21

ఈ పేజీ ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి అక్క ట్యాబ్ వైపు చూస్తూ ఊరికే కూర్చుంది. "మావాళ్ళ జవాబులు" లేవు. రెండు వందల పన్నెండూ పోయాయి. అప్‌డేట్ ఎక్కించినప్పుడు పాత రాతలన్నీ చెరిగిపోయాయి. ఫోరమ్ చూస్తే చాలామందికి అదే జరిగింది. ఒకావిడ తన డాక్టరు కోసం రాసుకున్న ఆర్నెల్ల వివరాలు పోయాయట. కందిరీగ ప్రకటన మళ్ళీ తెరిచాను. మూడో పేరాలో ఉంది. "దయచేసి ముందుగా మీ రాతలకు నకలు తీసిపెట్టుకోండి." నేను చదవలేదు.

చదవలేదన్న సంగతి మింగుడుపడక కోపం వచ్చింది. "వీణ్ణి వదలను అక్కా. సరిగా చేయకుండా జనం మీదికి వదులుతాడా?" అని అక్క ముందే ఫోను తీసి రాయడం మొదలుపెట్టాను.

అక్క బటన్ నొక్కుతోంది. నేను పట్టించుకోలేదు. అప్పుడు ఆ గొంతు, తాబేలు వాళ్ళమ్మ గొంతు, గదిలో వినిపించింది.

"ఏ పేరుతో రాస్తావు? తండ్రి పేరుతోనా, హెడ్‌మాస్టరు పేరుతోనా?"

ఫోను పక్కన పెట్టాను.

"ఏ హెడ్‌మాస్టరు అక్కా?" అన్నాను. ఇంకా ఆ మాట అనగలిగాను నేను.

అక్క రెండే అక్షరాలు కూర్చింది. పైకి పలికించలేదు, ట్యాబ్ నావైపు కొద్దిగా తోసింది. తెరమీద "భాద" అని ఉంది. దాని కింద మెల్లగా ఇంకోటి కూర్చింది. "బాధ."

"ఐదో క్లాసు నుంచి చెబుతున్నాను. ఒత్తు మొదటి దానికి కాదు, రెండో దానికి. నువ్వు కాక ఇంకెవరూ ఒకే తప్పు మూడు పేర్లతో రాయరు. బాధ్యత కూడా తప్పే."

అక్క ఫోరమ్ చదువుతుందని నాకు తట్టనేలేదు. రోజంతా ఆ ట్యాబ్ ముందు కూర్చునే మనిషి ఇంకేం చదువుతుంది.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?" అన్నాను.

చాలాసేపు నొక్కింది. ప్రోగ్రామ్ ఆగలేదు, అక్కే ఆగి ఆగి నొక్కింది.

"నాకూ తొందరగా కావాలనిపించింది. నువ్వు రాస్తుంటే వస్తుందేమోనని ఆశపడ్డాను. అందుకని ఆ పోయిన జవాబుల గురించి నేను ఎవర్నీ అనను. నువ్వూ అనకు."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి వెళ్ళి దుప్పట్లు మడతపెట్టింది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. ఇక్కడా తప్పుగానే రాశాను. దిద్దలేదు. ఉండనీ.

అక్క ఆ ఇద్దరి పేర్లే అంది. మూడో పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మే 24

ఒప్పుకోలు రాశాను. మూడు రోజులు పట్టింది. అద్దాలాయన పేరుతోనే రాశాను. "ఒక తండ్రి" నేనే, "హెడ్‌మాస్టరు" నేనే. పాప లేదు, స్కూలు లేదు. నా అక్క ఒక్కతే నిజం. నా తొందరవల్ల మీ అందరికీ నష్టం జరిగింది.

పంపేముందు అక్క చూపించమంది. చూపించాను. రెండు చోట్ల దిద్దించింది. "క్షమించగలరు" తీసేయమంది. "అలా రాస్తే క్షమించడం వాళ్ళ పని అయిపోతుంది."

తర్వాత నా ముఖంలోకి చూసింది.

"ఇంతేనా?"

"అంతే అక్కా" అన్నాను.

పంపాను. అన్నీ చెప్పేశాను. గుండె తేలికపడింది.

మే 25

తేలికపడలేదు.

ఫోరమ్‌లో తిట్లు. తిట్టాల్సిందే. ఒకాయన, ఆ ఓపిక పట్టండి అన్నాయనే, తిట్టలేదు. "మీ అక్కగారికి ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోందా?" అని అడిగాడు. దానికన్నా తిట్టినా బాగుండేది.

కందిరీగ మధ్యాహ్నం రాశాడు. మిషను ఆపి చదివాను.

"పాప లేదన్నమాట. మా అమ్మాయికి ఆ పాప గురించి చెప్పాను. ఇద్దరం కలిసి ఆ పాప కోసం నలభై రైలు బొమ్మలు గీశాం. ఆదివారాలు కూర్చుని గీశాం. ఆ పాప ఎలా ఉందని మా అమ్మాయి అడుగుతుంటుంది. ఏం చెప్పమంటారు?"

ఏం చెప్పమనను. బొమ్మల పేజీ తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి. గూడ్సు బండి, ఇంజను, గార్డు పెట్టె, సొరంగంలోంచి వచ్చే రైలు. ఒకదాని కిటికీలో జడలు వేసుకున్న చిన్నపిల్ల కూర్చుని చేయి ఊపుతోంది.

మే 28

చెరిగిపోవడం ఆగేలా సరిచేసి కందిరీగ మళ్ళీ విడుదల చేశాడు. వచ్చే ఫిర్యాదులు చదివి వేరుచేసి పెట్టడానికి మనుషులు కావాలని అడిగాడు. నేను చేస్తానని విడిగా రాశాను.

"మీరు వద్దు. కొన్నాళ్ళు మీ పేరు చూడలేను" అన్నాడు.

న్యాయమే.

జూన్ 2, ఆదివారం

తాబేలు ఉత్తరం రాశాడు. ఎక్కడ సంపాదించాడో నా మెయిల్ చిరునామా.

"నేనిప్పుడు ఆ పనిలో లేను. మీ ఒప్పుకోలు ఎవరో పంపితే చదివాను. మిమ్మల్ని ఏమీ అనడానికి కాదు, ఒక్కటి తెలుసుకోవడానికి రాస్తున్నాను. 'వార్డు నర్సు' కూడా మీరేనా? కాకపోతే ఇలా అడిగినందుకు ఏమీ అనుకోవద్దు. రోజూ మాట పోయినవాళ్ళ మధ్య తిరిగే నర్సు నాతో ఆ మాట అన్నదంటే అందులో నిజం ఉండే ఉంటుందని నెల రోజులుగా అనుకుంటున్నాను. అమ్మ ఉండగా ఎంత త్వరగా చేసేవాణ్ణో, పోయాక ఎంత నెమ్మదించానో పాత తేదీలన్నీ తీసి చూసుకున్నాను. అవును, నెమ్మదించాను. దుఃఖమనుకున్నాను. ఆవిడ చెప్పాక వేరే ఏదో అనిపిస్తోంది. అందుకని అడుగుతున్నాను."

నర్సు రాసిన మాట ఇది. ఇప్పుడు రాస్తున్నాను.

"మీ అమ్మగారు పోయారు కాబట్టి మీకు ఇక తొందర లేదు. మా రోగులు ఇంకా బతికే ఉన్నారు."

రాసింది మధ్యాహ్నం ఒకటిన్నరకి. ముందు వేరేలా రాసి, పదును చాలలేదని చెరిపి, మళ్ళీ రాశాను. పంపాక భోజనం పెట్టె తెరిచి అన్నం తిన్నాను. మొత్తం తిన్నాను.

జూన్ 3

తాబేలుకి జవాబు పంపే ముందు అక్కకి చెప్పాలనుకున్నాను. షాపుకి సెలవు పెట్టాను. అక్క కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"అక్కా, నర్సు కూడా నేనే."

అక్క కదల్లేదు. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను. కుర్చీ చేతిమీద ఉన్న వేలు బటన్ దాకా రావడానికి చాలాసేపు పట్టింది.

"ఆ మాటలో ఒక్క తప్పూ లేదు. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అందుకే నువ్వు కాదనుకున్నాను."

మళ్ళీ నొక్కింది.

"ఇరవైసార్లు చదివాను. ఒత్తులన్నీ చూశాను. నువ్వు కాదని తేల్చుకున్నాక ఆ రోజు నిద్రపోయాను."

"ఒప్పుకోలు చూపించిన రోజు ఇంతేనా అని అడిగావు" అన్నాను.

"అడిగాను. నువ్వు అంతే అన్నావు."

ఆ తర్వాత వేలు తీసేసింది.

పక్క గదిలోకి వచ్చి తాబేలుకి రాశాను. "అవును, నేనే. నేను నర్సుని కాను. ఒక్క రోగిని కూడా చూసినవాణ్ణి కాదు. మా అక్కని తప్ప. ఆ మాటలో నిజం లేదు. మిమ్మల్ని ఎక్కడ కొడితే తగులుతుందో చూసి రాశాను. మీరు నెమ్మదించింది దుఃఖంతోనే." చివరి వాక్యం చెప్పడానికి నేనెవర్ని అనిపించింది. అయినా ఉంచాను. ఫోరమ్‌లో ఒప్పుకోలు కింద కూడా ఇదే చేర్చాను. క్షమించమని ఎక్కడా రాయలేదు.

జూన్ 4

ఫోరమ్‌లో నా పేరు తీసేశారు. తాబేలు నుంచి ఏమీ లేదు.

జూన్ 7

మాటతోడు అద్భుతంగా పనిచేస్తోంది. అక్క రోజంతా మాట్లాడుతోంది. ఫిజియోథెరపీ ఆవిడతో, పక్కింటావిడతో, మా ఆవిడతో. ఇవాళ మా ఆవిడతో ఏదో చెప్పి గంటసేపు నవ్వించింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయింది. ఇప్పుడు ఆగితే ప్రోగ్రామ్ తప్పని చెప్పుకోవడానికి లేదు.

కాఫీ ఇస్తే తాగుతుంది. కాళ్ళు రుద్దితే రుద్దనిస్తుంది. నాతో మాత్రం మాట లేదు.

జూన్ 9, ఆదివారం

"నేను చెప్పి చూడనా?" అంది మా ఆవిడ.

వద్దన్నాను.

"మీరు చేసింది నాకు కూడా మింగుడుపడట్లేదు, అది వేరే సంగతి" అంది. "కానీ మీ ఇద్దరి మధ్యా ఇంత నిశ్శబ్దం ఆవిడకి మాట పోయిన రోజుల్లో కూడా లేదు."

జూన్ 11

తాబేలు నుంచి రెండు ముక్కలు. "చెప్పినందుకు మంచిది. నాకు మళ్ళీ రాయకండి."

రాయను.

జూన్ 14

షాపు నుంచి త్వరగా వచ్చాను. మా ఆవిడ బయటికి వెళ్ళింది. అక్క గదిలో ఉంది. వెళ్ళాలా వద్దా అని నడవలోనే చెప్పులు సర్దుతూ నిలబడ్డాను. సర్దడానికి మూడు జతలే ఉన్నాయి. గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని, లోపలికి అడుగుపెట్టకుండా ఆగాను. అక్క నావైపు చూడలేదు. కానీ వేలు బటన్ మీద ఉంది, కదులుతోంది. పదకొండు రోజులైంది ఆ వేలు నాకోసం కదిలి.

"గాలి దుమ్ము వస్తోంది. తలుపు వెయ్యి."

లోపల ఉండి వేయాలో, బయట ఉండి వేయాలో చెప్పలేదు. అడుగుదామనుకున్నాను. అడిగితే బయట అంటుందేమోనని భయమేసింది.

లోపలికి వచ్చి వేశాను. గోడ పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. అక్క ఇంకేమీ అనలేదు. పొమ్మని కూడా అనలేదు.